నెమలి రాసిన ఆఖరి లైను

"మనిషిని కాల్చగలవా?" అన్నాడు పెద్దాయన, టీలో చక్కెర కలుపుకుంటూ.

కుట్టుమిషన్ల రిపేరు షాపు వెనక గది అది. ముందు గదిలో ఎవరో మిషన్ తొక్కి చూస్తున్నారు. ఆ టకటక వినిపిస్తున్నంతసేపూ లోపలి మాట గుమ్మం దాటదు. సీక్రెట్ సర్వీస్ హెడ్‌క్వార్టర్స్‌కి అంతకన్నా మంచి సౌండ్‌ప్రూఫ్ చేయించడానికి బడ్జెట్ లేదు.

ఏజెంట్ చీమ కళ్ళు నులుముకుంది. పిల్లాడికి రాత్రంతా జ్వరం. కళ్ళు మండుతున్నాయి. భుజం మీద వాడు కక్కిన పాల మరక కనబడకుండా కొంగు సర్దుకుంది.

"ఎవరిని సార్?"

"ముందు పనేమిటో విను." పెద్దాయన బల్లమీద ఒక ఫొటో పెట్టాడు. "ఊరి నీళ్ళ ప్లాంటు. నీళ్ళలో క్లోరిన్ ఎంత కలపాలో చూసుకునేది ఈ కంట్రోలర్ పెట్టె. దానికి ఆజ్ఞలిచ్చేది ఒక లినక్స్ కంప్యూటర్. రెంటికీ మధ్య సీరియల్ పోర్ట్, ఒక తీగ. ఆ తీగలో అక్షరాలు ఒకదాని వెనక ఒకటి, చీమల్లా పోతాయి."

"మధ్యలో నన్నెందుకు సార్ లాగుతారు?"

పెద్దాయన నవ్వలేదు. ఆయన నవ్వలేదంటే వ్యవహారం పీకలమీదికి వచ్చిందన్నమాట.

"కొంగల ముఠా ఆ కంప్యూటర్లో ఒక ప్రోగ్రామ్ ఎక్కిస్తోంది. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. సోర్స్ కోడ్ ఒకటే. విండోస్‌లో కంపైల్ చేస్తే విండోస్‌లో నడుస్తుంది, లినక్స్‌లో చేస్తే లినక్స్‌లో నడుస్తుంది. ఇవాళ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి అది ఒకే ఒక్క ఆజ్ఞ పంపుతుంది. డోసు తొమ్మిది. వాల్వు మొత్తం తెరుచుకుంటుంది. సాయంత్రం కుళాయి తిప్పి గ్లాసు పట్టుకున్న ప్రతి ఇంట్లోనూ..."

వాక్యం పూర్తిచెయ్యలేదు. చీమకి అక్కర్లేదు కూడా. ఆమె కళ్ళముందు అప్పటికే తన వంటింటి కుళాయి, దానికింద పిల్లాడి గ్లాసు.

"పోలీసుల్ని పంపండి!"

"అలికిడి అయిందంటే షిఫ్టుదాకా ఆగరు. అప్పటికప్పుడే పంపేస్తారు. తీగ ఇనప గొట్టంలో ఉంది, కోసేందుకు టైము లేదు. కరెంటు తీస్తే బ్యాటరీలున్నాయి. ఇక మిగిలింది కీబోర్డు ఒక్కటే."

"ప్రోగ్రామ్ రాసిందెవరు?"

"నెమలి."

ముందు గదిలో మిషన్ ఆగింది. ఇద్దరూ నోరు మూసుకున్నారు. మళ్ళీ టకటక మొదలయ్యాక చీమ ముందుకి వంగింది.

"ఆమె మన డబుల్ ఏజెంట్ కదా సార్. ముఠాలో మనమే పెట్టాం."

"కొన్ని వారాలుగా కబురు లేదు. ముఠా డెన్‌లో అచ్చం ఇలాంటి కంట్రోలర్‌కే లాప్‌టాప్ తగిలించి, విండోస్‌లో నడిపి చూపించిందట. వాల్వు గిర్రున తిరిగిందట. నాటకానికి రాసిన ప్రోగ్రామైతే వాల్వు తిరగదు చీమా."

"సార్, ఆమె మా అక్క."

"తెలుసు. వేరేవాణ్ణి పంపితే గుమ్మంలోనే పసిగడుతుంది. నిన్ను చూస్తే ఒక్క క్షణం తటపటాయిస్తుంది. నాకు కావలసింది ఆ ఒక్క క్షణమే." పెద్దాయన రెండు వస్తువులు ముందుకు జరిపాడు. ఒకటి లిప్‌స్టిక్. మూత తీస్తే పెన్‌డ్రైవ్, అందులో ముఠా ప్రోగ్రామ్‌ని ఆపే మందు. రెండోది సిలిండర్ ప్రెజర్ చూసే గేజ్. దాని కడుపులో ఒకే ఒక్క తూటా.

"అడ్డొస్తే?" అంది చీమ.

ఆయన టీ తాగడం మొదలుపెట్టాడు. అదే జవాబు.

*

అగ్నిమాపక సిలిండర్లు తనిఖీ చేసే కంపెనీ యూనిఫాంలో చీమ ప్లాంటు గేటు దగ్గర దిగింది. లోపలికి వెళ్ళబోతూ సర్వీసు రూలొకటి తుంగలో తొక్కి ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, వాడికి పొద్దున పట్టిన నీళ్ళే తాగించండి. సాయంత్రం కుళాయి తిప్పకండి."

"ఏమే, ట్యాంకు కడుగుతున్నారా?"

"ఆ, అలాంటిదే."

"నీకన్నీ భయాలే తల్లీ. ఇందాక మీ అక్క కూడా ఫోన్ చేసింది. పిల్లాడికి జ్వరం తగ్గిందా అనడిగింది. నీళ్ళ మాటేం అనలేదే!"

చీమ ఫోన్ పెట్టేసింది. సొంత చెల్లెలి కొడుకు. జ్వరం సంగతి అడిగిన నోరు, కుళాయి తిప్పొద్దని ఒక్క మాట అనలేకపోయింది. అక్కమీద అప్పటిదాకా మినుకుమినుకుమంటున్న ఆశ అక్కడే, ఆ గేటు దగ్గరే ఆరిపోయింది.

"ఎర్ర సిలిండర్లు ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి కదమ్మా, వాటిల్లో చూసేదేముంది?" అన్నాడు వాచ్‌మన్.

"ఎక్కడివక్కడే వేలాడుతున్నాయో లేదో చూసినందుకే బాబాయ్ నాకు జీతం."

అతను పడీపడీ నవ్వి గేటు తీశాడు.

కంట్రోల్ రూమ్ తలుపు దగ్గర తోలు గ్లౌజులు తొడుక్కున్న మనిషి నిలబడి ఉన్నాడు. మెడలో కంప్యూటర్ రిపేరు ఇంజనీరు బ్యాడ్జి, మనిషి మాత్రం ముఠావాడే. ఆపరేటర్ పక్కగదిలో కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నాడు. అతని కాఫీలో ఏం కలిపారోగాని గురక కారిడార్లోకి వినబడుతోంది.

లోపల, స్క్రీన్ ముందు నెమలి.

నెమలికంఠం రంగు సిల్కు బ్లౌజు, నల్లకళ్ళద్దాలు, గదంతా ఖరీదైన సెంటు. ముఠా నాయకులు ఆ అందం చూసి రహస్యాలు కక్కేవాళ్ళు. చీమ కళ్ళకి మాత్రం అక్క మెడమీద లేచిన ఎముకలే కనిపించాయి. చిక్కిపోయింది.

"సిలిండర్ గడువు చూశారా మేడమ్?" చీమ కోడ్ వాక్యం అంది.

"గడువు దాటితే మనుషులకే దిక్కులేదు, సిలిండరెంత?"

సరైన జవాబే. కానీ తాళంచెవి దొంగ దగ్గరా ఉంటుంది.

"ఎవరది?" తలుపు దగ్గర్నుంచి గ్లౌజుల మనిషి.

"సిలిండర్ల పిల్ల. చూసుకుని పోతుందిలే," అని నెమలి గొంతు తగ్గించింది. "వెళ్ళిపో చిట్టీ. నీ కాళ్ళు పట్టుకుంటా, వెళ్ళిపో."

స్క్రీన్ మీద అంకెలు తగ్గుతున్నాయి. పక్కనే గోడమీద క్లోరిన్ డయల్, దాని ముల్లు పచ్చగీత మీద బుద్ధిగా నిలబడి ఉంది. చీమ లిప్‌స్టిక్ మూత తీసింది. నెమలి చెయ్యి చటుక్కున కీబోర్డుకి అడ్డం పడింది.

"చెయ్యి తియ్యక్కా."

"బుజ్జి వాళ్ళ దగ్గరుందే."

చీమ చెయ్యి ఆగింది. బుజ్జి అక్క కూతురు. దూరదేశంలో హాస్టల్లో ఉందనే అందరూ అనుకుంటున్నారు.

"ప్రోగ్రామ్ ఆగితే నేనే ఆపానంటారు. దాని పీక..."

"మరి ఊళ్ళో పిల్లలో? నా కొడుకో? వాడు నీకేమీ కాడా?"

"నన్ను నమ్ము."

"వాల్వు తిరిగిందట కదా! నువ్వే తిప్పి చూపించావట కదా!"

"తిరిగింది. అక్కడ తిరిగింది." ఆ ‘అక్కడ’ని అక్క నొక్కి పలికింది. కళ్ళద్దాలు తీసేసి చెల్లెలి కళ్ళలోకి చూసింది. అంతకన్నా ఒక్క ముక్క పైకి చెప్పడానికి లేదు. గ్లౌజుల మనిషి అప్పటికే ఇటు వస్తున్నాడు, చేతిలో పిస్టల్.

"గెంటు దాన్ని అక్కణ్ణుంచి!"

"నువ్వాగు. నువ్వు కాలిస్తే ప్లాంటంతా పరిగెత్తుకొస్తుంది. నేను చూసుకుంటా," అంటూ నెమలి కీబోర్డు మీదికి పూర్తిగా వంగింది. అటు పిస్టల్‌కి, ఇటు చెల్లెలికి మధ్య తన ఒళ్ళంతా అడ్డం పెట్టింది.

చీమకి ఆ అడ్డం ఒకవైపే కనబడింది.

అక్క భుజానికే గురిపెట్టింది. గేజ్ ఠప్పుమంది. సరిగ్గా అప్పుడే నెమలి ఇటు తిరిగింది. తూటా ఛాతీలో దిగింది.

తరవాతంతా చేతులు చేసుకుపోయిన పని. చీమ గోడమీది సిలిండర్ లాగి గ్లౌజుల మనిషి మొహాన తెల్లపొడి కొట్టింది. అతను గుడ్డిగా కాల్చాడు, కిటికీ అద్దం రాలింది. ఆ చప్పుడుకి బయట ట్యాంకర్ లారీలో దాక్కున్న సర్వీసువాళ్ళు వచ్చి అతన్ని కారిడార్లోకి ఈడ్చుకుపోయారు. చీమ అక్కని పక్కకి ఒరిగించి పెన్‌డ్రైవ్ దూర్చబోయింది. వేళ్ళకి రక్తం. జారింది. మళ్ళీ దూర్చింది. తిరగేసి దూర్చింది. అటూ ఎక్కలేదు, ఇటూ ఎక్కలేదు.

అంకెలు సున్నాకి వచ్చాయి.

స్క్రీన్ మీద ఒక లైను పడింది. ‘డోసు తొమ్మిది పంపబడింది.’

ఏజెంట్ చీమ కళ్ళు మూసుకుంది. ఊరు గుర్తురాలేదు, దేశం గుర్తురాలేదు. జ్వరంతో కాలిపోతున్న చిన్న అరచెయ్యి ఒకటి గుర్తొచ్చింది.

కళ్ళు తెరిచింది. డయల్ ముల్లు పచ్చగీత మీదే ఉంది. కదల్లేదు. అదిరి కూడా అదరలేదు.

"తిరగలేదు కదూ," అంది నెమలి నేలమీంచి. పెదాలమీద నెత్తురు, దాని వెనక చిన్న నవ్వు. "ఎందుకో చూడు."

కౌంట్‌డౌన్ కింద సోర్స్ కోడ్ తెరిచే ఉంది. ఆఖరి లైనులో ఆజ్ఞ, ఆజ్ఞ చివర ‘లైన్ ఎండింగ్’ అని ఒక మాట. చీమ చదివింది. ఇంకోసారి చదివి అక్క పక్కన కూర్చుంది.

విండోస్‌లో కంపైల్ చేస్తే ఆ మాట రెండు గుర్తులవుతుంది. అందులో మొదటిది, మనం ఎంటర్ కొడితే పోయే గుర్తు. లినక్స్‌లో కంపైల్ చేస్తే రెండోది ఒక్కటే మిగులుతుంది, ఎంటర్ ఎగిరిపోతుంది. ఈ కంట్రోలర్ ఎంటర్ వినందే ఆజ్ఞ పాటించదు. డెన్‌లో విండోస్ లాప్‌టాప్‌తో వాల్వు తిరిగింది. ఇక్కడ లినక్స్. ఇక్కడ పెట్టె సగం మాట విని, మిగతా సగం కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది.

విండోస్‌నుంచి లినక్స్‌కి వచ్చిన ప్రతివాడూ చేసే తప్పు. ఎవరూ అనుమానించని తప్పు. చిన్నప్పుడు వంటింటి గట్టుమీద కూర్చుని పాస్కల్ నేర్చుకుంటూ చీమ ఇదే తప్పు చేస్తే, "మెషిన్ మారితే లైను ముగించే పద్ధతీ మారుతుందే మొద్దూ" అని మొట్టికాయ వేసింది ఈ అక్కే. అలాంటి అక్క ఈ లైను మరిచిపోయి రాయదు. కావాలని రాసింది. ఊళ్ళో పిల్లలూ బతకాలి, తన పిల్లా బతకాలి, ముఠాకి ద్రోహమనే అనుమానమూ రాకూడదు. మూడింటికీ కలిపి ఒకే లైను రాసింది. నీళ్ళలో ఏమీ కలవదని తెలుసు కాబట్టే అత్తయ్యతో ఫోన్లో కుళాయి మాట ఎత్తలేదు.

"అక్కా... ఒక్క మాట చెప్పకపోయావా..."

"ఆ గ్లౌజులవాడు వింటున్నాడుగా." నెమలి చెల్లెలి చెంప తడిమింది. "ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా వాడికి. నాకు పని రాదని చెప్పు. బుజ్జిని తెచ్చుకో."

ఇంకేదో అనబోయింది. చెంపమీది చెయ్యి జారిపోయింది.

తరవాత వచ్చిన ఇంజనీరు కంట్రోలర్‌ని ఆపి, దాని నోట్లో మిగిలిన ఆ సగం మాటని కక్కించి, మళ్ళీ ఆన్ చేశాడు.

*

గ్లౌజుల మనిషి సామాన్యుడు కాదు, ముఠా నాయకుడి బావమరిది. భార్య పోరు పడలేక ఆ నాయకుడు రాయబారం పంపాడు. మా వాణ్ణి ఇవ్వండి, ఆ పిల్లని తీసుకోండి. తమకోసం పనిచేస్తూ చచ్చిపోయినదాని కూతురితో వాళ్ళకింక అవసరం లేదు. ద్రోహం చేసి చచ్చిందని తెలిస్తే మాత్రం లెక్క వేరు.

విడిచిపెట్టబోయే ముందు గ్లౌజుల మనిషి కుర్చీలో వెనక్కి వాలి చీమని అడిగాడు. "ఒక్కటి చెప్పు. ఎందుకు ఆడలేదది?"

అద్దం వెనక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చీమ మొహంలో నరం కదలలేదు.

"రాసినదానికి పని రాదు. విండోస్‌లో నాలుగు ముక్కలు నేర్చుకుంది, లినక్స్ సంగతి తెలీదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు చేసింది."

అతను తొడ చరుచుకుని నవ్వాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకున్నా! సోకులాడికి ఇలాంటి పనులప్పజెప్పకండ్రా అని. మా బావ వింటేగా!"

చీమ కూడా నవ్వింది. నవ్వడం ఆ రోజు డ్యూటీ.

వంతెనకి ఆ చివర ఒక కారు, ఈ చివర ఒక కారు. అటునుంచి బుజ్జి, ఇటునుంచి గ్లౌజుల మనిషి నడిచారు. నడుమ ఎదురైనప్పుడు అతను ఆగి, పిల్ల తల నిమిరి ఏదో అన్నాడు. బుజ్జి పరిగెత్తుకొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"పిన్నీ! మా అమ్మకి పని రాదంటున్నాడు వాడు!"

వంతెన మధ్యలో అతను ఇంకా అక్కడే ఉన్నాడు, వెనక్కి తిరిగి, వింటూ.

చీమ వంగి అక్క కూతుర్ని ఎత్తుకుంది. అక్క మెడే, అక్క చెవులే.

"అవునమ్మా," అంది, అతనికి వినబడేటట్టు. "రాదు."

బుజ్జి రెండు చేతుల్తోనూ ఆమెని కొట్టడం మొదలుపెట్టింది. చీమ కొట్టనిచ్చింది. ఆ చివర కారు తలుపు పడిన చప్పుడు వినబడేదాకా కొట్టనిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లోంచి పెద్దాయన, "వెరీ గుడ్, చీమా," అన్నాడు. సర్వీసులో చేరిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆమె విన్న మొదటి మెప్పు అదే. పిల్ల ఏడుపులో అది సరిగ్గా వినబడలేదు గాని, వినబడిందని ఆమె తలూపింది.