అయిదో అంతస్తు గొంతు

చీకటి పడ్డాక ఆ బిల్డింగులో లిఫ్టు ఎక్కకూడదని అందరూ అనేవాళ్ళు. ఎక్కితే ఏమవుతుందని అడిగితే మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

ఏడంతస్తుల పాత బిల్డింగు. నిండా చిన్న చిన్న ఆఫీసులు. ఇద్దరు లాయర్లు, ఒక పళ్ళ డాక్టరు, కళ్ళజోళ్ళు చేసేవాళ్ళు, ఇన్సూరెన్సు ఏజెంట్లు. అయిదో అంతస్తు ఒక్కటే ఖాళీ. ఎప్పుడో ఆ అంతస్తులో పనిచేసే ముసలి గుమాస్తా ఒకాయన, సాయంత్రం ఇంటికెళ్తూ ఏవో కాగితాలు చదువుకుంటూ లిఫ్టు తలుపు తీసి అడుగు వేశాడట. తలుపైతే తెరుచుకుంది... లిఫ్టు అక్కడ లేదు.

అప్పటినుంచీ ఎవరూ బటన్ నొక్కకపోయినా లిఫ్టు అయిదులో ఆగేది. తలుపు తెరుచుకునేది. ఎవరూ ఎక్కేవారు కాదు. మళ్ళీ మూసుకునేది. లోపలున్నవాళ్ళు మాత్రం మాట్లాడకుండా ఒక పక్కకి జరిగి నిలబడేవాళ్ళు — ఆయనకి చోటిచ్చినట్టు.

ఇదంతా నాకు మా బావ చెప్పాడు. మా అక్క మొగుడు. లిఫ్టు మెకానిక్కు. చెప్తున్నంతసేపూ మాటిమాటికీ అరచేత్తో పెదాలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

బావ దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. యంత్రానికి పట్టేది తుప్పే గానీ దెయ్యం కాదనేవాడు. అతి శుభ్రం మనిషి కూడా. పనినుంచి రాగానే గోళ్ళలో గ్రీజు పోయేదాకా పాత టూత్‌బ్రష్షు పెట్టి తోముకుంటాడు. ఒకరు తాగిన గ్లాసులో నీళ్ళు ముట్టడు. బీడీ, సిగరెట్టు ఏనాడూ నోట పెట్టినవాడు కాదు.

ఆ రోజు మధ్యాహ్నంనుంచీ ఆ లిఫ్టు ఆగుతూ కదులుతూ సతాయిస్తోందని కబురొచ్చింది. పొద్దున ఆఫీసులు తెరిచేసరికి బాగవ్వాలి. బావ పెట్టె తీసుకుని రాత్రి తొమ్మిదింటికి వెళ్ళాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. అతని మీసం చూసి అందరూ గొంగళి అని పిలిచేవాళ్ళు. కింద లిఫ్టు తలుపుకి ‘పనిచేయదు’ అని అట్టముక్క వేలాడదీసి, వచ్చి గేటు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లిఫ్టు నాలుగుకీ అయిదుకీ మధ్య ఇరుక్కుందని చెప్పాడు.

అందరూ వెళ్ళిపోయారా అని బావ అడిగాడు. ఎప్పుడో తాళాలు పడ్డాయన్నాడు గొంగళి.

"లిఫ్టులో ఎవరూ లేరు కదా?"

"ఈ వేళప్పుడు ఎవరుంటారు తమ్ముడూ... ఆయన తప్ప."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఎవరేం చెప్పినా, ఇరుక్కున్న లిఫ్టు తలుపు తట్టి చూడాలి. ఆ తర్వాతే కరెంటు తీయాలి. పన్నెండేళ్ళుగా బావ తప్పని నియమం అది. మెట్లు బిల్డింగు వెనకవైపు ఉన్నాయి. నాలుగో అంతస్తులో మలుపు తిరిగి, వరండా దాటి, లిఫ్టు దగ్గరికెళ్ళి తట్టాలనే అనుకున్నాడు. కానీ తల ఎత్తితే పైన అయిదో అంతస్తు కనపడింది. ఒక్క బల్బు లేదు. ఎవరో నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నట్టుంది...

కాళ్ళు వాటంతటవే వేగం పెంచాయి. నాలుగు దాటిపోయింది. అయిదు కూడా దాటిపోయింది. డాబా మీదికి చేరాకగానీ తను తట్టలేదన్న సంగతి గుర్తురాలేదు. మళ్ళీ కిందికి దిగడానికి మనసొప్పలేదు.

"నమ్మనివాడికి భయం ఉండదనుకుంటారు. భయానికి నమ్మకంతో పనిలేదురా," అన్నాడు బావ నాతో.

డాబా మీద మెషిను రూము. తలుపు తీయగానే గుప్పున కొట్టింది వాసన. పాత గ్రీజు, పావురాల రెట్టలు, ఎక్కడో మూల చచ్చి ఎండిన పిట్ట. మధ్యలో పెద్ద చక్రం. చక్రం మీంచి ఇనప తాళ్ళు నేలలోని కన్నాల్లోంచి కిందికి దిగుతాయి. ఆ కన్నాల కింద... ఏడంతస్తుల చీకటి.

బావ మెయిన్ స్విచ్ తీసేశాడు. టార్చి వెలిగించి పెట్టె తెరిచాడు.

స్క్రూడ్రైవరు రెండుసార్లు జారి కింద పడింది. వెనకే మెట్లెక్కి వచ్చిన గొంగళి చూశాడు. చూసి, జేబులోంచి ఒక సిగరెట్టు తీసి పొగాకంతా అరచేతిలోకి దులిపాడు. చిన్న పొట్లంలోంచి ఎండాకు నలిపి, పొగాకులో కలిపి మళ్ళీ దట్టించాడు. చివర నాలుకతో తడిపి మెలిపెట్టాడు.

గంజాయి. రాత్రి డ్యూటీకి అదే మందు అన్నాడు. ఒక్క దమ్ము లాగితే గుమాస్తా కాదు, గుమాస్తా తాత వచ్చినా లెక్కుండదన్నాడు. బావ వద్దన్నాడు. పెళ్ళాం కొడుతుందా అని గొంగళి నవ్వాడు.

అంతే. ఆ ఒక్క నవ్వుకే చెయ్యి చాచాడు మా బావ.

చివర తడిగా ఉంది. గొంగళి ఎంగిలి. వెచ్చగా, జిగురుగా పెదాలకి అంటుకుంది. అయినా లాగాడు. తగలబెట్టిన గోనెసంచిని గొంతులోకి కుక్కినట్టయింది. దగ్గాడు... కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా దగ్గాడు. గొంగళి వీపు చరిచి మళ్ళీ అందించాడు. రెండోసారి. మూడోసారి.

కాసేపు ఏమీ కాలేదు. ఇంతేనా అనుకున్నాడు.

తర్వాత నోరు పిడచకట్టుకుపోయింది. నాలుక తనది కానట్టు, నోట్లో ఎవరిదో మాంసం ముక్క పెట్టుకున్నట్టు అనిపించింది. పీకి పారేయాలనిపించింది. టార్చి వెలుగులో చక్రం ఉబ్బుతోంది... తగ్గుతోంది... ఊపిరి తీస్తోంది. చేతికంటిన గ్రీజు చర్మం కిందికి పాకుతున్నట్టుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. గంట గడిచిందనుకుని వాచీ చూస్తే నాలుగు నిమిషాలు.

అప్పుడు వినపడింది.

టక్... టక్... టక్...

కిందినుంచి. కన్నాల్లోంచి.

గొంగళి చేతిలో సిగరెట్టు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

టక్... టక్...

"ఎవరైనా... ఉన్నారా..."

సన్నటి గొంతు. ఇనప తాళ్ళని పట్టుకుని పైకి పాకినట్టు వచ్చింది.

గొంగళి బావ చెవిదగ్గరికి వంగాడు. "ఆయనే," అన్నాడు గుసగుసగా.

"ఆడగొంతులా ఉందన్నా..."

గొంగళి తీవ్రంగా ఆలోచించాడు. "చచ్చాక గొంతు సన్నబడుతుంది," అన్నాడు.

అదేమంత నవ్వొచ్చే మాట కాదు. కానీ బావకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. గొంగళి అందుకున్నాడు. ఒకరినొకరు పట్టుకుని, రెట్టల్లో పొర్లుతూ, చొంగ కారేలా నవ్వారు. ఆపుకోవాలనుకుంటే ఇంకా ఎక్కువైంది. లోపల ప్రాణం పోతున్నంత భయం... పైన నవ్వు. ఆ రెండింటికీ సంబంధమే లేనట్టుంది.

కిందనుంచి మళ్ళీ వచ్చింది గొంతు. ఈసారి దగ్గరగా.

"నాయనా... నీళ్ళు..."

నవ్వు ఠక్కున తెగిపోయింది.

బావ మోకాళ్ళమీద పాకుతూ కన్నం దగ్గరికెళ్ళాడు. ఎందుకెళ్ళాడో తనకే తెలీదు. మొహం ఆనించి చూశాడు. ఏమీ కనపడలేదు. కిందినుంచి వెచ్చగా గాలి తగిలింది, ఎవరో నోరు తెరిచి మొహమ్మీదికి ఊపిరి వదిలినట్టు...

పక్కకి తిరిగే లోపే వాంతి అయింది. అక్క పెట్టిన అన్నం, ఆ పొగ, గొంగళి ఎంగిలి — అంతా ఆ కన్నంలోకి. ఎక్కడో కింద రేకు మీద టపటపా పడిన చప్పుడు.

తర్వాత ఏ గొంతూ రాలేదు.

టక్ టక్‌లు కూడా ఆగిపోయాయి.

దిగి వెళ్ళిపోదామంటే అయిదో అంతస్తు దాటాలి. గోడకి ఆనుకుని, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. గొంగళి ఒంటినుంచి చెమట కంపు. తన చొక్కా నుంచి వాంతి కంపు. ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు.

తెల్లవారి బావ లేచేసరికి చెంప రెట్టలకి అతుక్కుపోయి ఉంది. గొంగళి లేడు. తల దిమ్ముగా ఉంది గానీ చక్రం చక్రంలాగే ఉంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. రాత్రి జరిగిందంతా ఆ పాడు పొగ చేసిన గారడీ అని నిశ్చయించుకున్నాడు. ఛీ అనుకుని చొక్కా కొసతో నాలుక తుడుచుకున్నాడు.

పని మొదలుపెట్టాడు. బ్రేకు వదులు చేసి, చక్రం చేత్తో తిప్పుతూ లిఫ్టుని కొంచెం కొంచెంగా నాలుగో అంతస్తుకి దించాడు. బ్రేకు బిగించి కిందికి దిగాడు. పగలు కదా, అయిదో అంతస్తు మామూలు ఖాళీ అంతస్తే. నాలుగులో తాళంచెవి పెట్టి లిఫ్టు తలుపు తీశాడు.

మూలన ఒక మనిషి ముడుచుకుని కూర్చుని ఉంది.

రెండు చేతులూ నోటిమీద గట్టిగా నొక్కుకుని ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు బావని చూశాయి... ఎండని చూశాయి... మళ్ళీ బావని చూశాయి.

ఆఫీసులు తుడిచే పిన్ని. బిల్డింగులో అందరికీ ఆమె పిన్నే. యాభై దాటిన మనిషి. పక్కన తుడుపుకర్ర, బకెట్టు.

బావ చెయ్యి పట్టుకుని లేపాడు. కాళ్ళు నిలవలేదు. మెట్లదాకా నడిపించి, కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. సీసాడు నీళ్ళూ ఒక్క గుక్కలో తాగేసింది. అప్పుడు నెమ్మదిగా చెప్పింది. నిన్న ఆరో అంతస్తులో లాయరుగారి గది తుడిచేసరికి ఆలస్యమైంది. లిఫ్టు పాడైందని కింద అట్ట కట్టారట, పైన ఉన్న తనకేం తెలుసు. ఎక్కి సగం దిగిందో లేదో ఆగిపోయింది. ఫోను కింద చీపుర్ల గదిలో సంచిలో ఉండిపోయింది. కూతురికి రాత్రి డ్యూటీ, వెతికేవాళ్ళు లేరు. గంట సేపు అరిచి అరిచి సొమ్మసిల్లింది. మెలకువొచ్చేసరికి దీపం కూడా పోయింది.

చెప్తూ చెప్తూ గొంతు తగ్గించింది.

"అందరూ అనేది నిజం నాయనా. ఉన్నాయి. ఒకటి కాదు, రెండు. నేను నీళ్ళడిగితే పైనుంచి పడి పడి నవ్వాయి. ఒకటి... కక్కింది. నా నెత్తిమీద రేకు మీద పడింది. ఆ కంపు తెల్లార్లూ..."

మొహం చిట్లించుకుని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇంక నోరు తెరిస్తే దిగొస్తాయని, చేతులతో నోరు మూసుకుని కూర్చున్నా. ఊపిరి కూడా చప్పుడవకుండా. దేవుడిలా వచ్చావు. నీ కడుపు చల్లగా ఉండాలి."

అని బావకి రెండు చేతులూ జోడించింది.

బావ నోట్లో ఇంకా ఆ రుచి ఉంది.

ఆమె ఒక్కటే అడిగింది, అదీ తల ఎత్తకుండా. బకెట్టు సంగతి ఎవరికీ చెప్పొద్దని. రాత్రంతా మరి... వేరే దారి లేకపోయిందని. ఆఫీసులు తెరిచేలోగా తనే కడిగేసుకుంటానని లేవబోయింది. తూలింది.

బావ ఆమెని కూర్చోబెట్టి తనే లిఫ్టులోకి వెళ్ళాడు. బకెట్టు మీద తడి గుడ్డ నాలుగు మడతలు వేసి, అంచులు చక్కగా సర్ది కప్పి ఉంది. చీకట్లో, ఆ భయంలో, అంత శుభ్రంగా కప్పుకుంది ఆమె. బావ దాన్ని వరండా చివర కుళాయి దగ్గరికి పట్టుకెళ్ళి కడిగాడు. ఒకరి గ్లాసు ముట్టని మనిషి, ఒట్టి చేతులతో కడిగాడు. అది అసహ్యమనిపించలేదురా అన్నాడు నాతో. అసహ్యమంతా నామీదే అన్నాడు.

కడిగిన బకెట్టులో నీళ్ళు పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. మొహం కడుక్కోమన్నాడు. ఆమె మళ్ళీ దీవించబోయింది. ఇంక ఆగలేకపోయాడు.

"పిన్నీ... పైన ఉన్నవి దెయ్యాలు కావు. నేనూ, వాచ్‌మనూ."

ఆమెకి అర్థం కాలేదు. బావ మొత్తం చెప్పాడు. తలుపు తట్టకుండా పైకెళ్ళడం, స్విచ్ తీయడం, గంజాయి, నవ్వు, కక్కింది తనేనని. ఏదీ దాచలేదు.

ఆమె అతని చొక్కా మీది మరకల్ని చూసింది.

"నేను పిలిచింది వినపడిందా?" అని అడిగింది.

"వినపడింది పిన్నీ."

"నీళ్ళడిగిందీ?"

"అదీ వినపడింది."

ఆమె గోడ పట్టుకుని లేచింది. బావ ఆసరా ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. బకెట్టు అందుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ కుళాయి దాకా వెళ్ళింది. అతను పట్టి తెచ్చిన నీళ్ళు ఒంపేసింది.

కుళాయి తిప్పి, అతను కడిగిన ఆ బకెట్టుని మళ్ళీ మొదటినుంచి కడగడం మొదలుపెట్టింది.