గాలి లేని చోట చప్పుడు

"నీ పేరు?"

"ఈసారి శివకుమార్. విజయవాడ. సైన్స్ ఫిక్షన్ పిచ్చోడు."

"ఉద్యోగం?"

"లేదు. అందుకే పిచ్చి."

స్క్రీన్ మీద చీఫ్ సత్యవతి నవ్వలేదు. ఆవిడ ఎప్పుడూ నవ్వదు కాబట్టి ధనుంజయ్ దాన్ని మెప్పు కిందే జమ కట్టుకున్నాడు.

"అరకులో ఫ్యాన్ మీట్. వేషాలు, కథల మీద చర్చలు. దానికి వీరభద్రరావు వస్తున్నాడు. చంద్రుడి మీద లావా సొరంగాల్లోకి మన రోబో ఒకటి దిగబోతోంది. అక్కడ వెలుగుండదు, భూమి నుంచి సిగ్నల్ అందదు. ఆ చీకట్లో దారి కనుక్కునే పద్ధతి ఆయనదే. బొర్రా దగ్గర ఒక గుహలో పరీక్షిస్తున్నారు. ఒక విదేశీ ముఠా దాని కోసం వస్తోంది."

"ఆయనకి ఫ్యాన్ మీట్‌లో ఏం పని?"

"మిణుగురు అనే పేరుతో కథలు రాస్తాడు. ఆయన శాస్త్రవేత్త అని అభిమానులకి తెలియదు. నువ్వెవరో ఆయనకి తెలియదు. కోడ్ మాత్రం చెప్పాం. వలిసె పూలు పూశాయని ఎవరైనా అంటే ప్రమాదమని అర్థం. వెంటనే మాట ఆపేయాలి."

"ఇది చైత్రం చీఫ్. వలిసెలు పూసేది చలికాలంలో."

"అందుకే. పొరపాటున కూడా ఎవరూ అనరు. ముఠాలో మన మనిషి ఉంది. సాయిదుర్గ."

కొరియర్‌లో ఒక పెన్ను వచ్చింది. క్లిప్ నొక్కితే చుట్టుపక్కల మైకులు, నెట్‌వర్క్ చచ్చిపోతాయి.

*

సాయిదుర్గ వెండి రంగు గౌనులో, నుదుటి మీద మూడో కన్ను అతికించుకుని రిసార్ట్ లాన్ అంతా కలయతిరుగుతోంది. ఆమె వీడియో ఛానల్‌ని లక్షల మంది చూస్తారు. ముఠా దగ్గరా, చీఫ్ దగ్గరా జీతం తీసుకుంటుంది. ఎవరి దగ్గర నిజంగా పనిచేస్తోందో ఆమె నవ్వు చూసి చెప్పడం కష్టం.

ధనుంజయ్ బూడిద రంగు రబ్బరు సూట్‌లో గ్రహాంతరవాసిగా కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళని చూస్తే అసూయగా ఉంది. వాళ్ళు వేషం వేశారని అందరికీ తెలుసు. ఉప్మా తినేటప్పుడు ముసుగు తీసి కుర్చీ మీద పెడతారు. తను ముసుగు ఎక్కడ తీయాలో అతను ఎప్పుడో మర్చిపోయాడు. ఎడమ మోకాలు దానంతటదే ఆడుతోంది. చేత్తో నొక్కిపెడితే కుడిది మొదలెట్టింది.

ఆ సాయంత్రం మిణుగురు కొత్త కథ మీద చర్చ. చంద్రుడి మీది బిలంలో ఒక రోబో తన చక్రాల చప్పుడు గోడలకి తగిలి తిరిగి రావడం విని దారి కనుక్కుంటుంది.

సాయిదుర్గ మైకు అందుకుంది. "మిణుగురు గారూ, సూపర్ స్టోరీ. కానీ చంద్రుడి మీద గాలే లేదు కదండీ. ప్రతిధ్వని ఎలా వినిపిస్తుంది? స్కూల్ ఫిజిక్స్ సార్!"

హాలంతా నవ్వింది. వీరభద్రరావు కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా. రాత్రి భోజనంలో ఆయన ఏమీ ముట్టలేదు. కాగితం ప్లేటు అంచుని చిన్న చిన్న ముక్కలుగా చింపుతూ కూర్చున్నాడు.

పొద్దున కాఫీ దగ్గర సాయిదుర్గ ధనుంజయ్ పక్కకి వచ్చింది. "ఇవాళ మధ్యాహ్నం లోపు బొర్రా గెస్ట్‌హౌస్‌లో రావుగారి లాప్‌టాప్ లేపేస్తారు. వెళ్ళు. ఇక్కడ నేను చూసుకుంటా."

*

లాప్‌టాప్ బల్ల మీద ఉంది. ధనుంజయ్ రబ్బరు సూట్‌లోనే తలుపు వెనక నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. కిటికీ బయట కాఫీ తోటలు తెల్లగా పూసి ఉన్నాయి.

చంద్రుడి మీద గాలి లేదని వీరభద్రరావుకి తెలియదా?

తెలుసు. ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా తప్పు రాశాడు. అసలు పద్ధతి బయటపడకూడదని, ఉద్యోగం కోసం, కావాలని రాశాడు. ఉద్యోగం కోసం అబద్ధమాడేవాడు ఎవరో ఒకరు నిజం అడక్కపోతారా అని లోపల్లోపల ఎదురుచూస్తూనే ఉంటాడు. ఇది ధనుంజయ్ ఎక్కడా చదవలేదు. పదేళ్ళుగా అనుభవిస్తున్నాడు.

లాప్‌టాప్ ఎవరికీ అక్కర్లేదు. ఆ మనిషిని నలుగురిలో తెలివితక్కువవాడంటే చాలు.

ఫోన్ తీశాడు. సాయిదుర్గ ఛానల్లో ప్రకటన: 'పదకొండున్నరకి లైవ్. మిణుగురు జవాబు చెబుతారట!' రావు ఫోన్ ఆఫ్.

"చీఫ్, సాయిదుర్గ మన మనిషి కాదు. రావు చేత నిజం చెప్పించబోతోంది. పోలీసుల్ని పంపండి."

"పంపుతాను, కానీ గేటు దగ్గరికే. లైవ్‌లో గొడవ చేస్తే అది ఉత్త కథ కాదని మనమే ఒప్పుకున్నట్టు. నువ్వెళ్ళు."

*

బైక్ మీద ఘాట్ మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా వెదురు గడ. ఇటుకల పండగ, మన్యం వాళ్ళ చైత్రపు వేట పండగ. మగవాళ్ళు అడవిలో వేటకి పోతే, ఆడవాళ్ళు పాటలు పాడుతూ దారి కాస్తారు. వేట నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన వాడికి పేడనీళ్ళ స్నానం.

"ఏటి బావూ ఈ ఏసం?" బిందె పట్టుకున్న ముసలామె అడిగింది. పక్కనున్నవాళ్ళు ఆమెని అచ్చియమ్మ అని పిలుస్తున్నారు. "బల్లి లాగున్నావు!"

"అమ్మా, బేగి ఎల్లాలి, గడ తియ్యండే!"

ఆ యాస తన నోట్లోంచి వచ్చిందని ధనుంజయ్‌కి ఒక క్షణం తర్వాత తెలిసింది. ఆమెకి ముందే తెలిసింది.

"ఏ ఊరు గుంటడివి?"

శివకుమార్‌ది విజయవాడ. అంతకుముందు వేషం వాడిది నాగపూర్. "పెదబయలు కాడ," అన్నాడు. ఆ మాట బయటికి అని ఎన్నాళ్ళయిందో.

"మనోడేనే! యాటకెల్లొస్తన్నావా? ఏటి తెచ్చినావు?"

పొద్దుటి నుంచి కాపు కాసి అతను తెచ్చింది ఏమీ లేదు. "ఏటీ లేదమ్మా."

"మనోడివై ఉండి వట్టి సేతుల్తో వస్తావా?" అచ్చియమ్మ బిందె ఎత్తి నెత్తిన గుమ్మరించింది. ఇంకో బిందె వెనక నుంచి వచ్చింది. గడ లేచింది. "ఇంక పో. వచ్చే ఏడు దుప్పితో రా!"

*

హాల్లోకి అడుగు పెట్టగానే జనం చప్పట్లు కొట్టారు. ఇంత సహజమైన గ్రహాంతరవాసిని వాళ్ళు చూడలేదు. వేదిక మీద వీరభద్రరావు నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళలో రాత్రి నిద్ర లేదు, కానీ వెలుగు ఉంది. ఎదురుగా సాయిదుర్గ కెమెరా.

ధనుంజయ్ పెన్ను క్లిప్ నొక్కాడు. పెన్నులోంచి పేడనీళ్ళు కారాయి. మళ్ళీ నొక్కాడు. మైకు నిక్షేపంగా పనిచేస్తోంది.

"మీరు నవ్వారు," అంటున్నాడు వీరభద్రరావు. "నాకు ఫిజిక్స్ రాదన్నారు. సరే, వినండి. గాలి లేకపోయినా..."

"సార్!" ధనుంజయ్ వెనక నుంచి అరిచాడు. "దారంతా వలిసె పూలు పూశాయి సార్!"

"ఎండాకాలంలోనా?" ఎవరో కిసుక్కుమన్నారు.

వీరభద్రరావు నోరు తెరిచే ఉంది. వాక్యం సగంలో ఉంది. మిగతా సగం ఆయన గొంతులోనే ఉందని, దాన్ని మింగడం ఎంత కష్టమో హాలు మొత్తంలో పేడ కంపు కొడుతున్న ఒక్కడికే తెలుసు. ఆయన మైకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గాలి లేకపోయినా... కథలో చప్పుడు వినిపిస్తుందిలే అనుకున్నాను. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. నాకు తెలియలేదు. తప్పు రాశాను."

నవ్వులు. ఈలలు. ఆయన తల వంచుకుని కిందికి దిగాడు.

సాయిదుర్గ కెమెరా ఆపేసింది. ధనుంజయ్ పక్కనుంచి వెళుతూ ముక్కు మూసుకుంది. "నువ్వు కథలు చదవవనుకున్నానే!"

"చదవను. అబద్ధాలు చెబుతాను. గేటు దగ్గర నీకోసం జీపు ఉంది."

*

ఆ కథలో తప్పు పట్టుకున్న అభిమానులు వీరభద్రరావుకి ఇప్పటికీ మెయిల్స్ పంపుతున్నారు. ఒక బడి పిల్లవాడు గాలి మీద పాఠం స్కాన్ చేసి జతపరిచాడు.

ఏటా చైత్రంలో ఆయన నుంచి ధనుంజయ్‌కి ఒక మెసేజ్ వస్తుంది. "ఒక్క వాక్యం. ఒకే ఒక్క వాక్యం సరిదిద్దుకోవచ్చా?"

ధనుంజయ్ జవాబు ఎప్పుడూ ఒకటే. "వలిసెలు ఇంకా పూస్తూనే ఉన్నాయి సార్."