గ్లాసుడు నీళ్లు తగ్గే వ్యాను

ఆ వీధి డ్రైవర్లందరూ అతన్ని డాక్టరు అని పిలిచేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు మరి. ఫలానా చోట జబ్బుందని ఒక్కసారి చెప్పాడంటే తిరుగులేదు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా అతనే నమ్మేవాడు.

అలాంటి డాక్టరుకి ఒక పాత వ్యాను కొరుకుడు పడలేదు.

వ్యాను అతని బావమరిదిది. బడి పిల్లల్ని తిప్పుకుంటానని కొన్నాడు. ఇరవయ్యేళ్ల బండయినా ఇంజిన్ గుండ్రాయిలా ఉంది, మారు మాట్లాడకుండా కొనుక్కోమని చెప్పింది డాక్టరే. రేపటి నుంచి అందులో పదకొండు మంది పిల్లలు ఎక్కుతారు. అందులో అతని ఆరేళ్ల కూతురూ ఒకతి. బండి ఇంటికొచ్చిన రోజు నుంచీ మీటరు బోర్డులో ఒక ఎర్రదీపం మాత్రం ఆరడం లేదు. ఇంజిన్‌ని చల్లగా ఉంచే కూలెంట్ తగ్గిందని హెచ్చరించే దీపం అది. బావమరిది చూసీ చూడనట్టు ఊరుకునేవాడే. డాక్టరు భార్య ఊరుకోలేదు.

"మీరేం చేస్తారో నాకు తెలీదు. ఆ దీపం ఆరితేనే నా కూతురు ఆ బండెక్కేది" అంది.

అందుకే సెలవు రోజయినా, పనివాళ్లెవరూ రాకపోయినా, పొద్దున్నే వచ్చి షెడ్డు తెరిచాడు. వ్యాను వెనక పెరట్లో ఎండలో ఉంది. చుట్టూ ఎత్తయిన గోడ, అటువైపు గోదాములు. అవి కూడా మూసే ఉన్నాయి. టైర్ల వాసన, ఆయిలు వాసన, ఎక్కడో రేకు మీద కాకి గోళ్ల చప్పుడు. అతనికి అలాంటి నిశ్శబ్దమంటే ఇష్టం. ఇంజిన్ మాట బాగా వినబడుతుందని.

వారం రోజులుగా చేయాల్సిన వైద్యమంతా చేశాడు. మూత మార్చాడు, పైపులు మార్చాడు, సెన్సార్ మార్చాడు. దీపం ససేమిరా అంది. వింతేమిటంటే దీపం చెప్పేది అబద్ధం కాదు. రాత్రి నిండుగా పోసిన కూలెంట్ తెల్లారేసరికి సరిగ్గా ఒక గ్లాసుడు తగ్గేది. కింద అట్టముక్క పరిచి చూస్తే చుక్క మరక లేదు. ఆయిల్లో కలిసిన జాడ లేదు, పొగలో తెల్లదనం లేదు. గాలి కొట్టి పరీక్షిస్తే ప్రెషర్ మీటరు ముల్లు గంటసేపు కదల్లేదు. ఎక్కడా కారదు, కానీ తగ్గుతుంది. గ్లాసుడు. రోజూ గ్లాసుడే.

ఇక మిగిలింది హీటరు. చలికాలంలో లోపలికి వేడిగాలి కొట్టడానికి మీటరు బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది. అది చిల్లు పడితే నీళ్లు కింద కారవు, ఆవిరై బండి లోపలికే వస్తాయి. పట్టుకోవడానికి ఒకటే దారి. అద్దాలన్నీ ఎత్తేసి, హీటరు పూర్తిగా పెట్టి, లోపల కూర్చోవాలి. తియ్యటి వాసన వచ్చి, ముందు అద్దానికి ఆవిరి పడితే దొంగ దొరికినట్టే.

హీటరు పైపులు చూడ్డానికి మీటరు బోర్డు విప్పినప్పుడు, ఎలాగూ విప్పాను కదా అని ఆ ఎర్రదీపం బల్బు పీకి చొక్కా జేబులో వేసుకుని, బోర్డు మళ్లీ బిగించాడు. వారం రోజులుగా కళ్లల్లో పొడుస్తోంది, కాసేపు నోరు మూసుకుని ఉంటుందని. ఫోను షెడ్డులో ఛార్జింగ్‌కి పెట్టాడు. సీసాలు రెండు పట్టుకెళ్లాడు. ఒకదాంట్లో తాగే నీళ్లు, ఇంకోదాంట్లో కలిపి ఉంచిన కూలెంట్. రెండూ ఒకే రకం పాత కూల్‌డ్రింకు సీసాలు. ఖాళీ సీసా కనిపిస్తే కూలెంట్ పోసి పెట్టుకోవడం ఆ షెడ్డులో అందరికీ అలవాటే. కనీసం చీటీ అయినా అంటించండని భార్య ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు.

తలుపు వేసుకుని ఇంజిన్ స్టార్ట్ చేశాడు. నడినెత్తిన ఎండ. హీటరు గాలి మొహాన కొడుతుంటే రెండు నిమిషాల్లో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నీళ్లు ఒక గుక్క తాగాడు.

వెనక ఎవరో గుటక వేశారు.

తిరిగి చూశాడు. మూడు వరుసల ఖాళీ సీట్లు. తన గుటకే తనకి వినబడిందనుకున్నాడు. మళ్లీ ముందుకి తిరిగి అద్దం వైపు కళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. తియ్యటి వాసన రాలేదు. ఎండలో కాగిన రెగ్జిన్ వాసన, దాని వెనకే మాసిన చిన్నపిల్లల బట్టల వాసన. ముందు అద్దం తళతళలాడుతూనే ఉంది.

ఆవిరి పట్టింది. కానీ వెనక అద్దానికి.

డాక్టరు నొసలు ముడిపడింది. హీటరు ముందుంటే ఆవిరి వెనక ఎలా మొదలవుతుంది? తల పైనున్న చిన్న అద్దంలో చూస్తుండగానే అది ఒక మచ్చలా ఏర్పడి, చిన్నదై, మళ్లీ పెద్దదైంది. మళ్లీ చిన్నదైంది. తర్వాత పక్క కిటికీకి. తర్వాత దాని ముందు కిటికీకి. ఒక్కో కిటికీకి ఒక్కో మచ్చ... ఒక్కోటీ తన లెక్కలో తాను పెరుగుతూ, తగ్గుతూ...

ఊపిరి పడినట్టు.

చాలనుకున్నాడు. తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు. ఇంజిన్ ఆగింది. హీటరు ఆగలేదు. తాళం చేతిలోకి వచ్చేసినా, వేడిగాలి మొహాన కొడుతూనే ఉంది.

అప్పుడు మీటరు బోర్డు మీద ఎర్రగా వెలిగింది.

అతని చేయి దానంతటదే జేబు తడుముకుంది. బల్బు అక్కడే ఉంది. చల్లగా, గట్టిగా, వేళ్ల మధ్యే ఉంది. దీపం మాత్రం వెలుగుతోంది.

తలుపు పిడి లాగాడు. రాలేదు. భుజం వేసి తోశాడు. రాలేదు. అద్దం దించే పిడి తిప్పితే గిరగిరా తిరిగింది, అద్దం కదల్లేదు. అవతలి తలుపూ అంతే. హారన్ నొక్కాడు, ఉలుకూ పలుకూ లేదు. స్క్రూడ్రైవర్ పిడితో అద్దాన్ని బాదాడు, కాళ్లతో తన్నాడు. దిండుని తన్నినట్టు మెత్తటి చప్పుడు. తన చేతుల మీదుగా ఎన్ని వందల తలుపులు బాగుపడ్డాయో... ఒక్కటీ గుర్తుకు రాలేదు. భయమేసింది. చిన్నప్పుడెప్పుడో వేసినంత భయం.

"ఎవరు?" అన్నాడు.

వెనక సీట్లో ఎవరో ఎండిన నాలుకని అంగిలి నుంచి ఊడదీసుకున్నారు. టక్‌మని చిన్న చప్పుడు.

"దాహం..."

చిన్న గొంతు. చాలా దగ్గరగా.

అతని నాలుక పిడచకట్టుకుపోయింది. తిరిగి చూడకూడదని మాత్రం తెలిసింది, ఎలా తెలిసిందో తెలియదు. పక్క సీటు మీద తడిమితే సీసా తగిలింది. కళ్లు గట్టిగా మూసుకుని, మూత తీసి, భుజం మీదుగా వెనక్కి చాపాడు. ఎవరో అందుకున్నారు. వేళ్లు తగిలాయి. ఆ వేళ్లు కాలుతున్నాయి.

ఒక గుక్క.

ఆగింది.

తర్వాత ఆ గొంతు, ఏడవడానికి కూడా తడి లేని గొంతు, నెమ్మదిగా అంది.

"ఇది కాదు... అప్పుడూ ఇదే ఇచ్చారు."

డాక్టరు కళ్లు తెరిచాడు. పక్క సీటు మీద మిగిలిన సీసాలో నీళ్లు నిర్మలంగా, తెల్లగా ఉన్నాయి. తాను వెనక్కి ఇచ్చింది పచ్చది. తియ్యగా ఉండేది. ఒక్క గుక్కతో పిల్లల ప్రాణం తీసేది. ఎవరిచ్చారో, ఏ షెడ్డులో, ఏ సీసాలో... ఎవరో తనలాంటివాడే అయ్యుంటాడు. కావాలని ఇచ్చి ఉండడు. చూసుకుని ఉండడు.

ఏడుపొచ్చింది అతనికి. భయం కంటే ముందు ఏడుపే వచ్చింది.

"తప్పయిపోయింది తల్లీ... చూసుకోలేదు" అన్నాడు.

ఒళ్లంతా నీటి కోసం అలమటిస్తున్నా ఒక్క చుక్క తాగలేదు. నీళ్ల సీసా మొత్తం వెనక్కి ఇచ్చేశాడు. గటగటా తాగిన చప్పుడు. కింద పడ్డ ఖాళీ సీసా దొర్లిన చప్పుడు. దీపం ఆరిపోయింది. హీటరు ఆగిపోయింది. తలుపు పిడి మీద చేయి వేశాడో లేదో, తలుపు తెరుచుకుని అతను మట్టిలో పడ్డాడు.

కుళాయి కింద తల పెట్టి ఎంతసేపు తాగాడో తెలియదు. తేరుకున్నాక షెడ్డులోకి వెళ్లి బావమరిదికి ఫోను చేశాడు. పాప ఆ బండెక్కదని, ఏ పిల్లా ఎక్కకూడదని, రేపు పొద్దున్నే తానే దగ్గరుండి తుక్కు కొట్టిస్తానని, కారణం అడగొద్దని చెప్పాడు. బావమరిది అడగలేదు.

"బావా... అక్కకి చెప్పకు" అన్నాడు. "నిన్న సాయంత్రం బండి నీ షెడ్డుకి తెచ్చే ముందు పాప మారాం చేస్తే అలా ఒక రౌండు తిప్పాను. వెనకాల కూర్చుంటానంది. నేను చెప్పులు కొనుక్కోవడానికి దిగి, ఓ పావుగంట..."

"తలుపులు వేసి వెళ్లావా?"

"వేశాను. ఏడవలేదు బావా. నేనొచ్చేసరికి కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంది."

ఎవరితో అని డాక్టరు అడగలేదు. ఇంటికి పరుగెత్తాడు.

ఇల్లు మామూలుగానే ఉంది. భార్య పెరట్లో బట్టలు తీస్తోంది. పొద్దున్నుంచి మీ కూతురు కిటికీలు మూస్తోంది, నేను తెరుస్తున్నాను, ఈ ఉక్కలో ఇదేం ఆటో ఏమో అని నవ్వింది. పాప గదిలో నేల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. ఒళ్లో పెట్టుకుని తల నిమిరాడు. బతికిపోయామనుకున్నాడు.

అప్పుడు చూశాడు. ఇంట్లో ఉన్న గ్లాసులు, గిన్నెలు, మూతలు, ఆఖరికి పౌడరు డబ్బా మూత కూడా... జతలు జతలుగా, ఒకదాని వెనక ఒకటి, గోడ వరకూ పేర్చి ఉన్నాయి. అన్నింట్లో నీళ్లు పోసి ఉన్నాయి. ముందు వరుసలోవి అప్పుడే ఖాళీ అయ్యాయి.

"ఇవన్నీ ఎవరికమ్మా?"

పాప అతని చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది. "నువ్వు ఇవాళ ఒక్కదానికే ఇచ్చావంట నాన్నా."

అతని వెనక, గది తలుపు నెమ్మదిగా, గాలి లేకుండానే మూసుకుంది.

"మొత్తం ఎంతమంది తల్లీ?"

పాప వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఒక చేయి అయిపోయింది. రెండో చేయీ అయిపోయింది. అప్పుడు అతని చేయి ఒళ్లోకి లాక్కుని, చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టింది.