బొరుగు చెవులు, సరణ్య చేతులు

"నాయనా, చేతులు చూపించు!"

సరణ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చిన లక్ష్మణసామి ఒక చేయి చాపాడు. రెండోది వీపు వెనకే ఉంది.

"రెండోది ఏదీ?"

"బస్సులో మరిచి వచ్చినా తల్లీ."

లక్ష్మణసామి కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే బస్సులో కండక్టర్. సరణ్య గబుక్కున ఆయన వెనక్కి పోయి చూసింది. వేళ్ల మధ్య నూనె పరోటా ముక్క! దాని కిందే తోక ఊపుతూ బొరుగు కూర్చుని ఉంది.

"ఒక్క ముక్కే..."

"ఒక్క ముక్క కూడా వద్దని డాక్టరమ్మ చెప్పింది కదా!"

"సరి, సరి పోలీసమ్మా." ఆయన ఆ ముక్క తనే నోట్లో వేసుకున్నాడు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అన్నట్టు బొరుగు ఆయన వంక చూసింది.

బొరుగు మరమరంలా తెల్లగా, తేలిగ్గా ఉండే చిన్న కుక్క. అందుకే ఆ పేరు. ఆ చుట్టుపక్కల అందరూ పొడుగు కాళ్ల వేటకుక్కలు పెంచుతారు. పక్కింటి కాళిముత్తు మామ రోజూ ఎగతాళి చేస్తాడు.

"ఏమే, ఇది కుక్కా, కుందేలా?"

"మీ కుక్క పరిగెత్తాలంటే చేను కావాల మామా. మా వాడికి మంచం కింద చాలు," అంటుంది సరణ్య.

బొరుగుకు ఒకటే కష్టం. తమలపాకుల్లా వేలాడే దాని చెవులు. అవి ఎర్రబడతాయి. వాసన వేస్తాయి. అది తల విదిలించి విదిలించి ఏడుస్తుంది. మందు వేస్తే తగ్గుతుంది. మళ్లీ వస్తుంది.

పోయిన నెల అవ్వా, సరణ్యా దాన్ని విరుదునగర్‌లో కర్పగం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. అక్కడ అందరూ తమిళంలోనే మాట్లాడుతున్నారు. డాక్టరమ్మ వయసు చూసి అవ్వకు నమ్మకం కుదరలేదు. సరణ్య చెవిలో తెలుగులో గొణిగింది.

"ఈ పిల్ల ఇప్పుడే బడి విడిచి వచ్చినట్టుండాది. దీనికేం తెలుసే?"

డాక్టరమ్మ బొరుగు చెవిలోకి లైటు వేసి చూస్తూనే తెలుగులో జవాబు చెప్పింది.

"బడి విడిచి శానా దినాలాయె అవ్వా. మాది నాగలాపురం. మా ఇంట్లోనూ తెలుగే."

అవ్వ కొంగుతో నోరు మూసుకుంది. తర్వాత ఆ నోరు ఆగలేదు. నాగలాపురంలో తనకు తెలిసినవాళ్లందరి క్షేమం అడిగింది.

"కొన్ని కుక్కలకు తిన్నది పడక కూడా చెవులు ఇట్ల అవుతాయి," అంది డాక్టరమ్మ. "కోడికూరో, పాలో, పరోటానో, ఏది పడలేదో మనకు తెలీదు. రెండు నెలలు అన్నమూ చేపా పెట్టండి. ఉప్పూ కారమూ వద్దు. వేరే ఏదీ వద్దు. ఈ మందు దినమూ వెయ్యండి. చెవిలో ఇంకేమన్నా వేస్తారా?"

"ఏమీ లేదు," అంది సరణ్య టక్కున.

"మంచిది. ఇది ఇట్లే వస్తా ఉంటే చెవి లోపల మూసుకుపోతుంది. వినపడకుండా పోవచ్చు."

ఆ మాట సరణ్య గుండెలో ముల్లులా దిగింది. నాయన బస్సు హారన్ వీధి చివర మోగగానే గేటు దగ్గరికి పరిగెత్తేది బొరుగే. సరణ్య చెప్పుల చప్పుడు అందరికంటే ముందు పోల్చుకునేదీ బొరుగే.

ఆ రోజు నుంచి సరణ్య పోలీసైపోయింది. పాలు కలిపిన అన్నంతో అవ్వ పట్టుబడింది. అమ్మ పుష్పం వేరుశనగ మిఠాయి చేసే చోట పనిచేస్తుంది. ఆమె బెల్లం చేతులు బొరుగు నాకకముందే సరణ్య సబ్బు అందించేది.

"నా ఇంట్లోకి నేను చేతులు కడుక్కొని రావాల్నా?" అని అమ్మ నవ్వేది.

అయినా బొరుగు చెవి మానలేదు. కొంచెం తగ్గుతుంది. శనివారం వచ్చేసరికి మళ్లీ తల విదిలిస్తుంది.

"ఎవరో దొంగతనంగా పెడతా ఉండారు!" అని సరణ్య అందరినీ ఉరిమి చూసేది.

శుక్రవారం వచ్చింది. శుక్రవారం అంటే ఆ ఇంట్లో ఆడవాళ్లకు తలంటు. బడికి పోకముందే అవ్వ మిరియం వేసి నువ్వులనూనె వెచ్చ చేసింది. సరణ్య తలకు మర్దనా చేసి, చెవుల్లో చెరో రెండు చుక్కలు వేసింది. సరణ్య నూనె గిన్నె తీసుకుని పెరట్లోకి వచ్చింది. తన తర్వాత బొరుగు వంతు.

"బొరుగూ, దా!"

బొరుగు రాలేదు.

ఇంకా గట్టిగా పిలిచింది. రాలేదు. సరణ్య లోపలికి పరిగెత్తింది.

"అవ్వా! బొరుగుకు చెవుడు వచ్చేసింది!"

అవ్వ వంటింట్లో చేప చట్టి మూత తీసింది. చిన్న చప్పుడు, అంతే. మంచం కింద నుంచి బొరుగు బాణంలా దూసుకొచ్చింది.

"చెవుడా? నా చట్టి మూత వినపడిందే!" అవ్వ పకపకా నవ్వింది.

అంతలో బొరుగు సరణ్యను చూసింది. ఆమె చేతిలో గిన్నెను చూసింది. తోక ముడిచి వెనక్కి తగ్గింది.

సరణ్య గిన్నె కింద పెట్టింది. బొరుగు ఒక అడుగు ముందుకు వేసింది. సరణ్య గిన్నె ఎత్తింది. బొరుగు మళ్లీ మంచం కిందికి దూరింది.

సరణ్య అక్కడే చతికిలబడింది. చెవిలో ఇంకేమన్నా వేస్తారా అని డాక్టరమ్మ అడిగింది కదా! అప్పుడు నూనె సంగతి గుర్తే రాలేదు. వాళ్లింట్లో నూనె మందు కాదు, తిండీ కాదు. శుక్రవారం అంతే.

ఎవరికీ చెప్పకుండా ఈరోజు నుంచి మానేస్తే? అందరి చేతులూ తనిఖీ చేసింది తనే కదా. ఎంత నవ్వుతారో! కానీ నిజం తెలియకపోతే డాక్టరమ్మ ఏ మందు ఇస్తుంది? బొరుగు చెవి ఏమవుతుంది?

మరునాడు బొరుగును ఎత్తుకుని నాయనతో కలిసి విరుదునగర్ పోయింది.

"తిండిలో ఏమన్నా తప్పు జరిగిందా?" అడిగింది డాక్టరమ్మ.

లక్ష్మణసామి పైకప్పు వంక చూశాడు. "పరోటా... రెండు మూడు తూర్లు..."

"అందుకే తగ్గలేదేమో. లేకుంటే మందు మార్చాల."

సరణ్య ముందుకు వచ్చింది. "నాయన వల్ల కాదు. నేను శుక్రవారం శుక్రవారం వాడి చెవిలో నూనె వేస్తా ఉంటి. తలకు నీళ్లు పోస్తా ఉంటి. అవ్వ నాకు చేసినట్టే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు.

"కుక్క చెవి లోపల వంకర తిరిగి కిందికి పోతుంది. పోసిందంతా అక్కడే నిలుస్తుంది. పైన ఆకు మాదిరి మూత. తడీ, జిడ్డూ, వేడీ. ఇంక లోపల బూజుకు దినమూ పండగే."

"అంతా నేనే చేసినానా?"

"కొంత నూనె వల్ల. తిండి పడకపోవడం కూడా ఉండొచ్చు. నూనె నిలిపితేనే అది తెలిసేది. నువ్వు చెప్పకపోయింటే నేను వట్టిగా మందు మీద మందు మార్చేదాన్ని." ఆమె నవ్వింది. "మీ అవ్వతో మాత్రం నేను మళ్లీ మాట్లాడాల. మనుషుల చెవులకూ నూనె వద్దని."

చెవి తుడిచే లోషన్ ఇచ్చి, దూదితో ఎలా తుడవాలో చూపించింది. పుల్లలు పెట్టవద్దంది. చేపా అన్నమూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమంది. ఇది మళ్లీ మళ్లీ వచ్చే రకం కాబట్టి, తగ్గినా చెవులు చూస్తూ ఉండమంది.

తిరుగు బస్సులో లక్ష్మణసామి గొంతు సవరించుకున్నాడు.

"పోలీసమ్మా, చేతులు చూపించు."

సరణ్య తల వంచుకుని రెండు చేతులూ చాపింది. వాటిలో వేరుశనగ మిఠాయి పడింది.

"ఇది నీకు. వాడికి కాదు."

తర్వాతి శుక్రవారం సరణ్య తలంటు పోసుకుంది. చెవిలో చుక్కలు వద్దంది. "ఆ నాగలాపురం పిల్ల నా పని పోగొట్టింది," అని అవ్వ సణిగింది.

సరణ్య సీకాయతో చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. గిన్నె అవ్వకే ఇచ్చేసింది. లోషనూ దూదీ పక్కన పెట్టుకుని మంచం ఎదురుగా నేల మీద కూర్చుంది.

బొరుగును లాగలేదు. రెండు అరచేతులూ తెరిచి దాని ముందు పెట్టింది.

"చూడు. బాగా చూడు."

మంచం కింద నుంచి నల్లటి ముక్కు వచ్చింది. ఒక చేయి వాసన చూసింది. రెండో చేయి వాసన చూసింది. నాయన మాదిరి ఏమన్నా దాచిందేమోనని వేళ్ల సందులన్నీ వెతికింది. ఆపైన తోక నెమ్మదిగా ఊగింది.

బొరుగు తన తలను తెచ్చి, వేలాడే చెవిని సరణ్య అరచేతిలో పెట్టింది.