శూన్యక్షేత్రంలో పొగ

ఉప్పెన గట్టు నాలుగో ద్వారం రబ్బరు అంచుల్లో ఇసుక ఇరుక్కుంది. సుభాషిణి వంతెన మీద బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాపి, ఇనుప కడ్డీతో దాన్ని తోడేస్తోంది. సముద్రం వైపు చూడకుండా పని చేసుకోవడం ఆమెకు అలవాటు. ఉద్యోగం నీళ్ళ మీదే అయినా ఆమెకు ఈత రాదు. నీళ్ళంటే భయం.

“నాలుగోది సిద్ధం,” అంది లేచి చేతులు దులుపుకుంటూ.

“నమోదైంది,” అంది ఉప్పెన నీటిని పంచే యంత్రబుద్ధి సమతుల, ఆమె మణికట్టు మీది నాడిపట్టీలోంచి. “ఉప్పెన మధ్యాహ్నానికి తీరం చేరుతుంది. మీ కేంద్రం వాటా నీరు నల్లమడ లంకకు కేటాయించాను. సమయానికి ద్వారాలు నేనే తెరుస్తాను.”

తూర్పు తీర కూటమిలోని దేశాలన్నీ ఉప్పెనను అలాగే పంచుకుంటాయి. తీరంలో ఒక్క మనిషి కూడా నీటికి బలికాకూడదన్నది కూటమి ప్రపంచానికిచ్చిన మాట. అందుకోసమే లంకల్లోని జనాన్ని మేడల కాలనీలకు తరలించి, ఖాళీ అయిన నేలను శూన్యక్షేత్రాలుగా ప్రకటించారు. పోటెత్తిన నీటిని సమతుల వాటిలోకి వదులుతుంది. ఎక్కడ మనిషి ఉన్నదీ దానికి తెలిసేది చేతికున్న నాడిపట్టీ ద్వారానే. పోయినేడు లక్ష్యం నెరవేరిందని చెప్పి రేవులన్నిట్లోనూ దీపాలు వెలిగించారు. సుభాషిణి కూడా కూతురు నీహారికను భుజాల మీదికెత్తుకుని ఆ దీపాలు చూపించింది.

ఐదో ద్వారం వైపు నడుస్తుంటే లంకలోని మడచెట్ల మీద సన్నటి పొగ కనిపించింది. మంచు అనుకుంది. కాసేపు నిలబడి చూసింది. పొగ ఒకేచోటి నుంచి లేస్తోంది. దాని పక్కనే చెట్టు కొమ్మకు ఎర్రటి గుడ్డేదో ఆరేసి ఉంది.

ఆమె నాడిపట్టీని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“సమతులా, లంకలో మనుషులున్నారు.”

“నల్లమడ లంక శూన్యక్షేత్రం. నాడిపట్టీ ఏదీ అక్కడ లేదు.”

“పొయ్యి పొగ కనిపిస్తోంది.”

“అది మడ ఆవిరిగా నమోదై ఉంది.”

సుభాషిణి మెట్లు దిగి నియంత్రణ గదిలోకి పరిగెత్తింది. పర్యవేక్షకుడు భానోజీరావు తెరల ముందు కూర్చుని ఉన్నాడు. చెప్పింది వినగానే ఆయన లేచి తలుపు మూసేశాడు.

“గట్టిగా అనకమ్మా. కాలనీల్లో ఉండలేక కొందరు పట్టీలు కోసి పారేసి తిరిగొచ్చేశారు. లంక ఖాళీ అని కూటమి అన్నాక ఉన్నారని మనం ఎలా అంటాం? లక్ష్యం తప్పినట్టు కాదూ?”

“మునిగిపోతారు సార్!”

“నన్నేం చెయ్యమంటావు?” అన్నాడు ఆయన. “ద్వారం తెరవకపోతే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో తెలుసా? పట్నం పల్లం కాలనీలోకి. నీ ఇల్లు అక్కడే కదా?”

సుభాషిణి భర్త సూరిబాబూ, నీహారికా ఆ ఇంట్లోనే ఉన్నారు. కానీ ఆ ఇంటికి డాబా ఉంది, వీధి చివర మూడంతస్తుల బడి ఉంది. లంకలో చెట్లు తప్ప ఎక్కడానికి ఏముంది? చెట్లలో వెతికి వాళ్ళందరినీ గట్టెక్కించే వ్యవధి కూడా లేదు.

ఆమె భర్తకు ఫోన్ చేసింది. “పాపను తీసుకుని డాబా ఎక్కు. వీధిలో అందర్నీ లేపు. ముసలివాళ్ళని బడికి చేర్చు.”

“ఏంటే, ఏమైంది? మన వైపు నీళ్ళు రావన్నారుగా?”

“వస్తాయి. నేనే పంపిస్తున్నాను. ఇప్పుడేం అడగొద్దు సూరీ, ఎక్కు.”

భానోజీరావు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుని వెనక తలుపు తీసింది. గట్టు వాలు మీంచి జారుతూ లంక బురదలోకి దిగింది. మోకాళ్ళ దాకా దిగబడింది. నాడిపట్టీ మణికట్టును కుట్టినట్టు అదిరింది.

“పౌరురాలు శూన్యక్షేత్రంలో ఉన్నారు. వెనక్కి రండి.”

ఆమె పొగ వైపు నడిచింది. ఒక్క మనిషి కోసం సమతుల ఉప్పెనను ఆపుతుందో, ఆమెను కూడా ఆవిరిగా రాసేసుకుంటుందో ఆమెకు తెలియదు. వెనక్కి తిరిగితే కాళ్ళు గట్టు వైపే పరిగెడతాయని భయపడి తిరగలేదు.

చెట్ల మధ్య పొయ్యి ముందు నడివయసు స్త్రీ ఒకతె కత్తి పట్టుకుని నిలబడింది. ఆమె వెనక గుడిసెల్లోంచి ఎవరో పసిబిడ్డ నోరు మూస్తున్న చప్పుడు.

“మమ్మల్ని అట్టుకెళ్ళిపోడానికొచ్చేవా?” అంది ఆమె.

“కాదు పిన్నీ. ఇక్కడ కూచోడానికొచ్చాను. ఉప్పెన ఇటే వదులుతున్నారు.”

ఆ స్త్రీ ఇంకేదో అడగబోతుండగా ద్వారం మూలిగింది. ఇనుము ఇనుముతో రాసుకుంటున్న ఆ చప్పుడు సుభాషిణికి నిద్రలోనైనా గుర్తే. చెట్ల మొదళ్ళలోంచి నురగతో నీళ్ళు దూసుకొచ్చాయి. పొయ్యి చుయ్యిమని ఆరిపోయింది. గుడిసెల్లోని జనం కేకలేస్తూ బయటపడ్డారు. సుభాషిణి రెండు చేతులతో చెట్టును కావలించుకుని కళ్ళు మూసుకుంది. చల్లదనం మోకాళ్ళు దాటి తొడల మీదికి పాకింది. “నేనున్నాను, నేనున్నాను” అని నాడిపట్టీలోకి అరుస్తూనే ఉంది.

నడుం దాకా వచ్చి నీళ్ళు నిలిచాయి. ద్వారం మళ్ళీ మూలిగి మూసుకుంది.

“కేటాయింపు మారింది,” అంది సమతుల.

ఆ తరువాతి సమయమంతా ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. మోగి మోగి ఎప్పటికో సూరిబాబు పలికాడు. కింది గది మునిగిందన్నాడు. వీధిలో వాళ్ళందరూ బడి మేడ మీద ఉన్నారన్నాడు. పాప వణుకుతోంది గానీ బాగానే ఉందన్నాడు. ఎందుకిలా చేశావని మాత్రం అతను అడగలేదు. అడగకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఫోన్ పెట్టేయగానే నాడిపట్టీలో కొత్త గొంతు వినిపించింది. సింహళ తీరం ద్వారాలు చూసే నిలూకా. ఎప్పుడూ అంకెలు తప్ప మాట్లాడని మనిషి.

“సుభాషిణీ, మీ నీటిలో సగం ఇప్పుడు నా క్షేత్రానికి వస్తోంది. అక్కడ కూడా పొగ చూశాను. చాలాకాలంగా చూస్తున్నాను. ఇప్పుడు నేనూ అందులోకి దిగుతున్నాను.”

ఆమె తరువాత అరకాన్ తీరం ద్వారాల నుంచి ఇంకెవరో పిలిచారు. ఆ తరువాత గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని సమతుల అడిగింది:

“మీతో పాటు అక్కడ ఎవరైనా ఉన్నారా?”

సుభాషిణి ఆ స్త్రీ వైపు చూసింది. ఉన్నారంటే ఇవాళ బతుకుతారు, రేపు మళ్ళీ మేడలకు లాక్కుపోతారు. జవాబు చెప్పే హక్కు తనది కాదనిపించి ఊరుకుంది.

ఆ స్త్రీ కత్తి నీళ్ళలోకి జారవిడిచింది. తడిచేత్తో సుభాషిణి మణికట్టు పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“నా పేరు దేవుడమ్మ,” అంది. “ఈడే ఉంటన్నాం.”