సగం మాత్ర

"ఇంక నాకు ఏ మందులూ వద్దమ్మా! మూడు రకాలు అయిపోయాయి... బాగుపడనిది నేనేనమ్మా, నేనే!"

కూతురు ఆ మాట అని వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు విని తల్లి చెయ్యి కుట్టుమిషను చక్రం మీద అలాగే ఆగిపోయింది. లేచి తలుపు కొట్టాలనిపించింది. కానీ ఏ మొహం పెట్టుకుని కొడుతుంది? ఆ పిల్ల మనసు విరిగిపోవడానికి కారణం ఎవరో ఈ ప్రపంచంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కతే తేలు కుట్టిన దొంగలాగా నోరు మూసుకుని మిషను ముందు కూర్చుని ఉంది!

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. భర్త పోయిన దగ్గర్నుంచీ ముందుగదిలో కుట్టుపని, వెనకగదిలో కాపురం. రెంటికీ మధ్య ఒక తలుపు, దానికి ఒక పాత తెర. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తే చాలు, కూతురు ఆ తెర వెనక్కి మాయమయ్యేది. అందుకే వీధిలోని ఆడవాళ్ళు ఆ పిల్లకి 'తెరచాటు రాణి' అని పేరు పెట్టి నవ్వుకునేవారు. నవ్వేవాళ్ళకేం తెలుసు? ఫోను మోగితే ఆ పిల్ల గుండె దడదడలాడేది. కొట్టుకి పంపిస్తే లోపల ఉన్నవాళ్ళంతా వెళ్ళిపోయేదాకా ఎదురుగోడ పక్కనే నిలబడి, చివరికి ఉత్త చేతులతో తిరిగొచ్చేది. క్లాసులో లేచి జవాబు చెప్పలేక చదువు మధ్యలోనే మానేసింది. "సిగ్గరి పిల్ల, పెళ్ళయితే అదే పోతుంది" అన్నారందరూ. తల్లీ అదే అనుకుంది.

రెండేళ్ళ కిందట, ఇరవై రెండో ఏట, కూతురే ఎక్కడో చదువుకుని వచ్చి, "అమ్మా, ఇది సిగ్గు కాదు, జబ్బుట. దీనికి మందుందిట. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవూ?" అని చెయ్యి పట్టుకుని అడిగింది. తనంతట తాను నోరు విప్పి ఒక కోరిక కోరడం అదే మొదలు!

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. "మందులున్నాయి. కానీ ఏది ఎవరికి పడుతుందో వాడి చూస్తేగాని తెలియదు. ఒక్కో మందుకి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఓపిక పట్టాలి" అంది. ఏది అడిగినా కూతురు నేలచూపులు చూసింది, తల్లి జవాబు చెప్పింది. ప్రతిసారీ అంతే.

మొదటి మందు పడలేదు. వాంతులు, చేతుల వణుకు, నిద్ర లేదు... రెండు వారాల్లో పిల్ల పుల్లలా అయిపోయింది. పెద్ద ఆడపడుచు చూడ్డానికి వచ్చి, "ఉన్నది ఒక్క పిల్ల! చేతులారా మందుల పాలు చేశావు కదే! దానికేమైనా అయితే పైనున్న మా తమ్ముడికి ఏం చెప్తావు?" అని గడప దాటకుండానే శోకాలు మొదలుపెట్టింది. ఆ మాట తల్లి గుండెలో ముల్లులా దిగిపోయింది.

డాక్టరమ్మ ఆ మందు ఆపేసి రెండోది రాసింది. అప్పుడు చేసింది టైలరమ్మ తన జన్మలో చేయకూడని పని!

ఆమె చేతికి ఒక అలవాటుంది. ఎవరు ఎన్ని కొలతలు చెప్పినా మొదటిసారే కత్తెర పూర్తిగా పెట్టదు. లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుడుతుంది. "చాలకపోతే కుట్టు విప్పుకోవచ్చు. ఎక్కువ కత్తిరిస్తే ఏడ్చినా అతకదు" అంటుంది. ముప్పై ఏళ్ళ పనిలో ఆ అలవాటు ఆమెని ఎప్పుడూ మోసం చేయలేదు. అదే అలవాటుతో మందునీ చూసింది. కూతురికి మాత్ర మింగడం చిన్నప్పటినుంచీ రాదు, గొంతుకి అడ్డం పడుతుంది. రోజూ పొద్దున్నే తల్లే చెంచాతో నూరి తేనెలో కలిపి పెడుతుంది. ఆ రోజు బ్లేడుతో మాత్రని రెండు చేసి, ఒక సగం నూరింది, ఇంకో సగం తూములో వేసి నీళ్ళు పోసింది. 'ముందు సగంతో చూద్దాం... పడితే పెంచుదాం' అనుకుంది. వాంతులు రాలేదు. హమ్మయ్య అనుకుంది. పెంచడానికి మాత్రం చెయ్యి రాలేదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది, తల్లి అందులోనూ సగమే పెట్టింది. "సరిగ్గా వేసుకుంటోందా?" అంటే, "ఒక్క పూట కూడా తప్పలేదమ్మా" అని చెప్పింది. తప్పలేదు, నిజమే! గుణం కనిపించక మూడో మందు రాశారు. దానిదీ అదే గతి. మోతాదులు పెంచుతూ, ఎదురుచూస్తూ రెండేళ్ళు గడిచిపోయాయి.

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అని సామెత. పెట్టీ పెట్టనట్టు పెట్టిన అమ్మకి సామెత కూడా లేదు!

ఈలోగా పెద్ద గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే ఉద్యోగం పడితే కూతురు దరఖాస్తు పెట్టుకుంది. ముందు పనిలో పరీక్ష. అట్ట ఊడి, కుట్లు తెగిపోయిన ఒక పుస్తకం చేతికిచ్చి గదిలో ఒక్కదాన్నే కూర్చోబెడితే, తల్లి దగ్గర నేర్చిన సూదిపనితో ఆ పిల్ల దాన్ని కొత్తపుస్తకంలా చేసి ఇచ్చింది. వచ్చినవాళ్ళందరిలోకీ మొదటిది! ఇంక మిగిలింది నలుగురు పెద్దల ముందు కూర్చుని నాలుగు మాటలు చెప్పడం. ఈ ఉదయం మూడుసార్లు పిలిచారట. కూతురు మెట్ల మీద గోడనానుకుని నిలబడి, ఆ పిలుపు వింటూనే, చెమటతో తడిసిపోయి, కిందికి దిగి ఇంటికి వచ్చేసింది. ఇంక మందులు వద్దన్నది వస్తూనే...

వారం తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. కూతురు రానంది. తల్లి కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే, శవంలా లేచి వచ్చింది.

డాక్టరమ్మ పాత కాగితాలన్నీ తిరగేసి నిట్టూర్చింది. "మూడు మందులు వాడాం. చివరి రెండూ పూర్తి మోతాదులో. అయినా ఫలితం లేదు. మామూలు మందులకి లొంగని జబ్బని రాసి పెద్ద ఆస్పత్రికి పంపిస్తాను."

కూతురు తల వంచుకునే, "నాకు తెలుసు మేడమ్" అంది.

ఆ మూడు మాటలూ విన్నాక తల్లికి ఇంక ఆగలేదు. కుర్చీలోంచి లేచి బల్ల మీది కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "రాయకండమ్మా! నా బిడ్డ మీద ఆ మాట రాయకండి! అది పూర్తి మందు ఎప్పుడు వేసుకుంది కనకా?... నేను పెట్టింది సగమేనమ్మా... సగమే! భయంతో సగం కోసి పారేశాను!"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "రెండో మందు పనిచేయలేదని ఆపించింది నేనే. అది పనిచేసేదో కాదో ఈ రోజుకీ నాకు తెలియదన్నమాట" అంది. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది తల్లికి. రెండో మందే మళ్ళీ మొదలుపెట్టి, మెల్లగా పూర్తి మోతాదుకి పెంచమంది. మాత్ర అమ్మాయే తీసుకోవాలి, వచ్చేసారి జవాబులూ అమ్మాయే చెప్పాలి అంది.

ఇంటికి వచ్చేదాకా కూతురు పదడుగులు ముందే నడిచింది. తలుపు వేశాక గోడవైపు తిరిగి అడిగింది.

"ఆ మెట్ల మీద నిలబడి ఏమనుకున్నానో తెలుసా అమ్మా? ఇంత మందు మింగి కూడా ఇంతేనా నేను అనుకున్నాను. ఇంక బతికి ఏం లాభం అనుకున్నాను."

"అయ్యో, అంత మాట అనకే తల్లీ! నిన్ను ఆ వాంతుల్లో చూశాక నాకు భయమేసిందే..."

"నా భయానికి మందు తెచ్చుకుంటే, సగం నీ భయానికి వాడేసుకున్నావమ్మా!"

తల్లి నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూతురు ఓదార్చలేదు.

మర్నాటి నుంచి మాత్రల అట్ట కూతురి దగ్గరే. మొదటి రోజు గ్లాసు పట్టుకుని అరగంట కూర్చుంది. రెండుసార్లు గొంతుకి అడ్డం పడి దగ్గుతో బయటికొచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని మింగేసింది. తల్లి తెర ఇవతల నుంచి చూస్తూనే ఉంది, దగ్గరికి వెళ్ళలేదు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. "అన్నం పెట్టనా", "ఊఁ". అంతే. ఒక గదిలో ఉంటూ వారాల తరబడి అలా బతకడం ఎంత నరకమో అనుభవించిన తల్లులకే తెలుసు! ఆడపడుచు మళ్ళీ వచ్చి, "ఇంకా ఆ పాడు మందులేనా?" అంటే మాత్రం, "మందు ఏ పాపమూ ఎరగదు వదినా. పాపం చేసింది నేను" అంది తల్లి. ఆవిడ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మొదటి పది రోజులు కడుపులో కొంచెం వికారం, తర్వాత అదే తగ్గింది. ఏడో వారంలో ఒక మధ్యాహ్నం తల్లి నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒకావిడకి జాకెట్టు సరిచేస్తుంటే, గుమ్మంలో ఇంకెవరో పిలిచారు. తెర కదిలింది. కూతురు బయటికి వచ్చి, "మీ బట్టలు రేపు సాయంత్రానికి ఇస్తామండీ" అంది. గొంతు వణికింది, చెవులు ఎర్రబడ్డాయి. కానీ మాట మాత్రం పూర్తిగా చెప్పింది! తల్లి సూదులు తీసి పక్కన పెట్టి వంటింట్లోకి పరుగెత్తి, కుళాయి తిప్పి ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. పనిచేస్తోంది... ఈ మందే పనిచేస్తోంది! రెండేళ్ళ క్రితమే పనిచేసి ఉండేది! గ్రంథాలయం ఉద్యోగం అప్పటికే ఇంకెవరికో వెళ్ళిపోయింది.

ఈసారి డాక్టరమ్మ గది ముందు కూతురు, "నువ్వు బయటే కూర్చో" అంది. ఒక్కతే లోపలికి వెళ్ళింది. తల్లి బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూసిన తలుపు వెనక నుంచి కూతురి గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ అరగంట సేపు వినిపించింది. ఆ పిల్లకి చెప్పుకోవడానికి ఇన్ని ఉన్నాయని తల్లికి ఇన్నాళ్ళూ తెలియదు.

బయటికి వచ్చాక ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. జనం వస్తున్నారు, పోతున్నారు.

"మేడమ్ ఒక పని చెప్పారమ్మా" అంది కూతురు. "చెప్పడానికి భయపడే మాట రోజుకి ఒకటి, ఎవరో ఒకరి మొహం చూస్తూ చెప్పాలిట. ఇవాళ్టిది నీకు చెప్తాను."

తల్లి కూతురివైపు తిరిగింది. "చెప్పు తల్లీ."

కూతురు తలెత్తింది. ఎవరి మొహమూ చూడలేని ఆ కళ్ళు, తల్లి కళ్ళలోకి సూటిగా చూశాయి.

"నిన్ను నేను ఇంకా క్షమించలేదమ్మా. ఎప్పటికి క్షమిస్తానో తెలియదు."

తల్లి కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకోలేదు. తల దించుకోలేదు. "మళ్ళీ చెప్పు తల్లీ..." అంది.

కూతురు మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు వణకలేదు.