పక్క సీటు బెల్టు

అన్న పోయి నెల తిరగకముందే, అతని కారు తెచ్చుకోవడానికి చెల్లెలు సరిహద్దు దాటి వెళ్ళింది. ఆమె చదువు ఒక దేశంలో, అతని ఉద్యోగం పక్క దేశంలో. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. అప్పట్నుంచీ ఆమెకి ఏడుపూ రాలేదు, ఆకలీ తెలియలేదు. "వాడి బండి పరాయివాళ్ళ పాలు చేయకే, నువ్వే తిప్పుకో," అని అమ్మ ఫోన్లో అంటే సరేనంది. ఎవరేమన్నా సరేననే అంటోంది.

అన్నతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు తాళాలు చేతిలో పెట్టాడు గానీ మెట్లు దిగి రాలేదు.

"ఆఖర్లో మీ అన్న దీన్ని బయటికి తీయడమే మానేశాడమ్మా. మంచు పడుతున్నా బస్సుకే వెళ్ళేవాడు. అంతకు కొద్దిరోజుల ముందే బండి ముందరి బంపర్ కొత్తది వేయించాడు. ఏమైందిరా అంటే నోరు విప్పలేదు."

ఆమె తలూపి బండెక్కింది.

ఊరు దాటేసరికి పొగమంచు కమ్ముకుంది. సాయంత్రమైనా కాకుండానే వెలుగు చచ్చిపోయింది. రోడ్డుకి రెండువైపులా ఆకుల్లేని చెట్లు, తడిసిన మట్టి వాసన. లోపల హీటరు గురగుర, అద్దం మీద వైపర్ల కిర్రు. అన్న తన కాళ్ళకి సరిపడా వెనక్కి జరుపుకున్న సీటు ఆమెకి దూరమైంది, ముందుకు జరుపుకోవాలనిపించలేదు. కాళ్ళు చాపుకునే నడుపుతోంది.

అప్పుడు మోగింది. టింగ్... టింగ్... టింగ్...

పక్కన కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని కారు గోల. పక్కన ఎవరూ లేరు. ఆమె సంచీ కూడా వెనకే ఉంది. సీటు మీద అరచెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది. హీటరు గాలేమోలే అనుకుంది. బెల్టు లాగి ఖాళీ సీటుకి తగిలించింది. మోత ఆగింది.

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర అధికారి డిక్కీ తెరిపించాడు. బండి కింద అద్దం పెట్టి చూశాడు. చివరికి పక్క తలుపు తీసి, వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తర్వాత ఆ తలుపుని రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు. ఆమె వైపు వచ్చి గొంతు తగ్గించాడు.

"నెమ్మదిగా పోనివ్వండి. ముందు గుంతలున్నాయి. పాపం, నిద్ర చెడుతుంది."

గేటు లేచింది. బండి కదిలింది.

కొంత దూరం వెళ్ళాక పక్కకి చూసింది. బెల్టు వదులుగా వేలాడటం లేదు. దేన్నో ఆనుకుని బిగువుగా ఉంది. మెల్లగా లేస్తోంది... మెల్లగా దిగుతోంది...

ఇన్నాళ్ళకి ఆమెకి ఏడుపొచ్చింది.

"అన్నయ్యా... నువ్వేనా? నన్ను దిగబెట్టడానికి వచ్చావా?"

కళ్ళు మసకబారాయి. తుడుచుకుని రోడ్డు చూసింది.

"అక్కా..."

గుసగుస. చెవి దగ్గర కాదు. బాగా కిందనుంచి... మోచేతి దగ్గర్నుంచి...

ఇంట్లో ఆమే కడగొట్టుది. ఇంతవరకూ అక్కా అని పిలిచినవాళ్ళు లేరు.

"అక్కా... ఆ అన్న ఏడీ?"

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు.

"లేడు," అంది.

తర్వాత... టక్. బెల్టు దానంతటదే ఊడి, సర్రున వెనక్కి పోయింది.

ఆమె బండి ఆపలేదు. తిరిగి చూడలేదు. అన్న ఆ బంపర్ ఎందుకు మార్పించాడో ఆలోచించకూడదని, ఎదురొచ్చే లైట్లనే చూస్తూ నడిపింది. ఇంటి ముందు కారుని అడ్డదిడ్డంగా వదిలేసి, తాళం కూడా వెయ్యకుండా మెట్లెక్కింది.

ఆమెతో కలిసి ఉండే అమ్మాయి తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది.

"వచ్చేశావా? చేతులు చూడు, మంచుగడ్డల్లా ఉన్నాయి. పద, లోపలికి పద."

ఆమె లోపలికి వచ్చేసింది. ఆ అమ్మాయి మాత్రం తలుపు మూయలేదు. ఇంకాస్త బార్లా తెరిచి, గుమ్మం బయటికి, బాగా కిందికి చూస్తూ నవ్వింది.

"చెప్పులు అక్కడే విప్పెయ్ నాన్నా... అయ్యో, ఒక్కటే ఉందేం?"